ఇవ్వని చెంబెడు నీళ్లు

నా భర్త చావు మీద ఒక అబద్ధం కప్పి ఇన్నేళ్లు బతికాను. చర్చి సంఘంలో నా పక్కన కూర్చునేవాళ్లకు ఇది తెలియదు. మీరెవరో నేనెరుగను, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మాది శంషాబాద్. ఆయనకు రొమ్ములో నిమ్ము చేరి జ్వరం కాసింది. దవాఖాన డాక్టరు కొత్తగా వచ్చిన తెల్ల గోళీలిచ్చి ఒక మాట గట్టిగా చెప్పాడు. ఈ మందు పని చేశాక మూత్రంలోనే బయటికి పోవాలి, నీళ్లు చాలకపోతే లోపల ఇసుకలా గడ్డకట్టి దారి మూసేస్తుంది, చెంబులకొద్దీ తాగించమన్నాడు. నాకు బాగానే అర్థమైంది.

ఆ వారమే సంఘం ఆయన కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టింది. మా ఉపవాసంలో పొద్దుగూకేదాకా నీళ్లు కూడా ముట్టం. రోగికి ఆ నియమం లేదని పాస్టరుగారు చెప్పారు. నేనే వినలేదు. నా భర్త బాప్తిస్మం తీసుకోలేదు, ప్రార్థనకు రమ్మంటే నవ్వేవాడు. ఈ ఉపవాసంతోనైనా దేవునివాడవుతాడని ఆశపడ్డానా? నా ప్రార్థన వల్లే లేచాడని నలుగురిలో చెప్పుకోవాలనుకున్నానా? గోళీలు మాత్రం వేళకు వేశాను, గొంతు దిగేటన్ని నీళ్లతో. దేవుణ్ణి పూర్తిగా నమ్మి ఉంటే మందు మానేదాన్ని, డాక్టరును నమ్మి ఉంటే నీళ్లు పోసేదాన్ని. రెండూ సగం సగం నమ్మి ఆయనను ఎండబెట్టాను.

జర నీళ్లియ్యవే అని బతిమాలాడు. ఓర్చుకో, దేవుడు చూస్తున్నడు అన్నాను.

"చూస్తే చూడనియ్యి. ఆయనకు దూప అయితదా ఏంది?"

సిలువ మీద ప్రభువు కూడా దప్పిగొన్నాడని చిన్నప్పటి నుంచి చదువుకున్నదాన్ని. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

ఉపవాసం ముగిసేసరికి జ్వరం దిగింది. మూత్రం ఎర్రబడి, తర్వాత ఆగిపోయింది. డాక్టరు ఇంటికొచ్చాడు.

"నీళ్లు మంచిగ తాగిచ్చినవా అమ్మా?"

"తాగిచ్చిన సార్."

మంచం మీద ఆయన కళ్లు తెరిచి నా దిక్కు చూశాడు. కాదనలేదు. ఈ మందు ఇతనికి పడలేదేమో అన్నాడు డాక్టరు. నిజం చెప్పి ఉంటే ఇంకేమైనా చేసేవాడా? తర్వాతైనా అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆయన పోయాడు. సంఘంవాళ్లు వచ్చి నా విశ్వాసాన్ని పొగిడారు. తలవంచుకుని విన్నాను. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. ప్రార్థనలో కూడా ఈ సంగతి దగ్గరికి రాగానే ఆమేన్ అనేసి లేస్తాను.

క్షమించమని అడగడం లేదు. ఆయన నీళ్లడిగాడు. నేనివ్వలేదు. ఇచ్చానని చెప్పాను.