జాతకాలు తీసిన బాయిలరు గది

మా అక్క భర్తను నేను బావా అనేవాణ్ణి. తొంభైల నడుమ ఆయన బెంగాల్లోని మా ఊరు ఖరగ్‌పూర్ పొలిమేరలోని ఒక ఫ్యాక్టరీలో బాయిలరు కంట్రోల్ రూము చూసేవాడు. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఇప్పుడది లేదు. ఉన్న రోజుల్లో కూడా పేరు నిలబెట్టుకోలేదు. బావ వాళ్లది తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా ఊరి పేట నిమ్‌పురాలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తండ్రి రైల్వే షెడ్డులో ఫిట్టరు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదని ఆయనకు చివరిదాకా చిన్నతనంగానే ఉండేది.

బాయిలరంటే నీళ్లు మరిగించి ఆవిరి చేసే పెద్ద డ్రమ్ము. లోపల నీళ్లు తగ్గినా ప్రమాదమే, ఒత్తిడి పెరిగినా ప్రమాదమే. పూర్వం మనుషులు దాని పక్కనుండే గాజు గొట్టంలో నీటిమట్టం చూసి చేత్తో వాల్వులు తిప్పేవారు. తరవాత కంప్యూటరు వచ్చింది. నీళ్లు వదలడం, తెర మీద అంకెలు చూపడం, తేడా వస్తే హారను మోగించడం అన్నీ దాని పనులే. పక్కనే మరో కంప్యూటరు, దానికో ప్రింటరు. మొదటి దాన్లోని లెక్కలను రోజూ ఒక ఫ్లాపీలోకి ఎక్కించి, రెండో దాన్లో పెట్టి, మేనేజరు కోసం అచ్చు తీయాలి. ఆ పని బావది.

వాటిని బిగించి వెళ్లిన ఇంజినీరు గోడకు ఒక పలక తగిలించాడు. నియమాలు ఇంగ్లీషులో ఉన్నాయి. గదికి తాళం ఉండాలి. ఎవరి పాస్‌వర్డ్ వారికే ఉండాలి. బయటి ఫ్లాపీ ఏ మిషన్లోనూ పెట్టకూడదు. మిషను చెడితే మళ్లీ ఎక్కించుకోవడానికి మంచి కాపీ ఒకటి వేరే చోట దాచాలి. ఇప్పుడివే మాటలు లావుపాటి ప్రమాణాల పుస్తకాలయ్యాయి. వాటిని పాటిస్తున్నామని ఫ్యాక్టరీలు సర్టిఫికెట్లు తెచ్చుకుని వరండాలో అద్దం కట్టించి పెట్టుకుంటున్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆనాటి పలకలో లేనిది వాటిలో పెద్దగా ఏముంది? పలక గోడ మీద ఉంది, చదివేవాళ్లే లేరు.

పాస్‌వర్డ్ సంగతి మేనేజరు మొదటి వారమే తేల్చేశాడు. ఇంతమందికి ఇన్ని ఎందుకు, ఒకటి చాలన్నాడు. శిక్షణకు వెళ్లొచ్చినవాడు బావ కాబట్టి ఆయన పేరు మీదే పెట్టించాడు. మూడు షిఫ్టుల వాళ్లూ మా బావ పేరుతోనే ఆ మిషను తెరిచేవారు.

ఆ ఏడు విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు పనిముట్టు పట్టరు. ప్రతి మిషనుకీ బొట్టు పెడతారు. తలుపులన్నీ తెరిచి ఉంచుతారు. ఇంటిల్లిపాదీ వచ్చి తమవాళ్లు పనిచేసే చోటు చూసి, ఖిచిడీ తిని వెళతారు. తాళాలు కూడా పనిముట్లే కనక వాటినీ తాళంచెవులతో సహా తెచ్చి విగ్రహం ముందు పెడతారు. మంచి ఆచారమే. చిన్నప్పుడు మేమందరం వెళ్లాం, ఖిచిడీ తిన్నాం, ఏ మతం అని ఎవరూ అడగలేదు.

బావ ఆ ఒక్క గదికి మాత్రం తాళం తియ్యొద్దని, జనాన్ని అద్దం బయటి నుంచి చూపిద్దామని అడిగాడు. పూజా కమిటీ వాళ్లలో ఒకడు, మాతో కలిసి చదువుకున్న తెలుగువాడే, నలుగురి ముందూ అందుకున్నాడు.

"ఏటి బాబూ, మా దేవుడొస్తే నీ కంప్యూటరు మైలపడిపోద్దా?"

నలుగురూ నవ్వారు. బావ తాళం తీసి తనే విగ్రహం ముందు పెట్టి వచ్చాడు. తాళం గురించి ఒక మనిషి మాట్లాడితే దాన్ని మతం మాట చేసి నోరు మూయించడం ఎంత తేలికో నేను తరవాత వార్తలు రాసే ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. మొదట చూసింది అక్కడే.

విశ్వకర్మ బొమ్మ ఉన్న కాలెండరు తెచ్చారు. గోడకున్నది ఒకటే మేకు, దానికి నియమాల పలక వేలాడుతోంది. కాలెండరును దాని మీదే తగిలించారు. పలక కనపడకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం మేనేజరు అతిథులకు ఒక వింత చూపించాడు. కలకత్తా నుంచి తెచ్చిన ఫ్లాపీ అది. రెండో కంప్యూటర్లో పెట్టి పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే ప్రింటరు గరగరమంటూ జాతకచక్రం తీసేది. అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం మీద గ్రహాలు, దశలు. అప్పట్లో కంప్యూటరు జాతకమంటే పంతులుగారి చేతిరాత కంటే గొప్ప. ఖరిదా నుంచి, తాల్‌బగీచా నుంచి, నిమ్‌పురా నుంచి ఇలా ఊళ్లోని పేటలన్నిటి నుంచీ జనం వరస కట్టారు. పూజ అయిపోయినా వరస తగ్గలేదు. తాళం మళ్లీ తలుపెక్కలేదు. బావ రెండుసార్లు మేనేజరుతో చెప్పాడు. జాతకాల మిషను వేరు, బాయిలరు మిషను వేరు, నీకెందుకు భయం అన్నాడాయన. ఆ రెండింటి మధ్యా రోజూ తిరిగే ఫ్లాపీ ఒకటుందని ఆయనకు తెలుసు. దాన్లోంచి వచ్చిన లెక్కల మీద సంతకం పెట్టేది ఆయనే.

దుర్గాపూజ సెలవులు ముగిసిన కొద్ది రోజులకు, పట్టపగలు, తెర మీద నీటిమట్టం అంకె ఆగిపోయింది. మిగతావి కూడా ఆగాయి. హారను మోగలేదు. ఎంతకీ అంకె కదలడం లేదేమిటని బావ అనుమానించి కిందికి పరుగెత్తాడు. గాజు గొట్టంలో నీళ్లు లేవు. కింద పనిచేసే బెంగాలీ ఆయన, అందరం దాదా, అంటే అన్నా, అని పిలిచే మనిషి, అప్పటికే బొగ్గు ఆపి మంట తగ్గిస్తున్నాడు. ఒక జాయింటు దగ్గర ఆవిరి తన్నుకొచ్చి ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. బాయిలరు పేలలేదు. పేలి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మనసొప్పేది కాదు.

ఇంజినీరు మళ్లీ వచ్చి రెండు కంప్యూటర్లలోనూ వైరస్ ఉందని తేల్చాడు. జాతకాల ఫ్లాపీ మాత్రం ఎక్కడా కనపడలేదు. విచారణలో మేనేజరు ఆ గదిలో జాతకాలు తీయడమనేదే ఎన్నడూ జరగలేదన్నాడు. బాయిలరు మిషన్లో ఫ్లాపీ పెట్టినవాడు ఎవడు? ఎవడి పాస్‌వర్డ్ ఉంది? బావది. ఉద్యోగం తీసెయ్యడానికి ఇంకేం కావాలి?

కావలసింది ఒక్క సాక్షి. ఊరి నిండా ఆ కాగితాలే. ఎవరైనా ఒక్కరు తమ జాతకం తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది ఆ గదిలోనే తీయించుకున్నామంటే చాలు. అక్క ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట వెళ్లాను.

మా వీధిలోని పిన్ని ఇంటికే ముందు వెళ్లాం. అక్క పెళ్లికి చీర ఎంచిపెట్టిన మనిషి ఆవిడ. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. జాతకం మాట ఎత్తగానే లేచి, మేం చూస్తుండగానే బీరువాకు తాళం వేసింది.

"అమ్మా, మా పిల్ల సంబంధం ఆ కాగితం సూసే కుదిరింది. రోగమొచ్చిన మిషను తీసిన జాతకమని తెలిస్తే అవతలోళ్లు ఊరుకుంటారేటి?"

ముందు మాకు అర్థం కాలేదు. తరవాత నవ్వు రాబోయింది. ఆ వారమే నేను కొత్తగా చేరిన పత్రికలో, కంప్యూటరుకు వైరస్ సోకి ప్రమాదం అని నేను రాసిన నాలుగు లైన్లు పడ్డాయి. అది చదివి జనం మిషనుకు వచ్చిన జబ్బు కాగితం మీది గ్రహాలకు కూడా పట్టిందనుకున్నారు. జబ్బు పట్టిన జాతకంతో కుదిరిన పెళ్లి నిలవదట. ఇంటింటా అదే మాట. కొందరు కాగితాలు కాల్చేశారు, కొందరు పంతులుగారితో మళ్లీ చేతిరాతలో రాయించుకున్నారు.

అక్క నవ్వలేదు. "పిన్నీ, నీ పిల్ల పెళ్లి ఆగకూడదు. మరి నా ఇంటాయన ఉద్యోగం పోవచ్చా?" అంది. పిన్ని తల వంచుకుంది గాని తాళం తియ్యలేదు. బయటికొచ్చాక అక్క మరోమాట అంది. ఊరందరికీ జాతకాలున్నాయి, జాతకం లేని ఇల్లు మాదొక్కటే, దెబ్బ మాకే తగిలిందని. ఆ మాటకు నాకిప్పటికీ రక్తం మరుగుతుంది. గ్రహాల మీద వాళ్ల నమ్మకానికి నేనేమీ అనను. తాము వరస కట్టిన తలుపు ఎక్కడుందో తెలియదనడం నమ్మకం కాదు.

చివరికి వచ్చినవాడు చెయ్యి కాలిన దాదా. తెలుగు వీధిలో పెరిగినవాడు, మా మాట బాగానే వచ్చు. కట్టు కట్టిన చేత్తో విచారణ గదిలోకి వెళ్లి, ఎడమచేత్తో జేబులోంచి మడత తీశాడు. అంచుల్లో చిల్లులున్న కాగితం. అప్పుడేమన్నాడో బావ ఎన్నోసార్లు చెప్పాడు.

"సార్, ఈ నెల నాకు బాగా కలిసొస్తాదని మీ మిషనే రాసింది. ఈ సెయ్యి సూడండి."

కాగితం పైన జాతకచక్రం. మడత విప్పితే అడుగున, చింపకుండా వదిలేసిన భాగంలో, అదే రోజు బాయిలరు లెక్కలు. రెండూ ఒకే కాగితం, ఒకే సిరా. విచారణాధికారి దాన్ని చాలాసేపు చూశాడట. మేనేజరు మాత్రం కిటికీ వైపు చూశాడట.

బావ ఉద్యోగం నిలిచింది. కాని తప్పు పూర్తిగా పోలేదు. పాస్‌వర్డ్ ఆయనదే గనక జాగ్రత్తగా ఉండమని ఒక హెచ్చరిక ఆయన ఫైల్లో మిగిలిపోయింది. ఆయన పేరు మీద పెట్టమన్నదెవరో అందులో ఎవరూ రాయలేదు. మేనేజరును ఇంతకంటే పెద్ద ఫ్యాక్టరీకి మార్చారు. దాదా చేతి వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. పిన్ని కూతురి పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. మమ్మల్ని పిలిచారు. అక్క వెళ్లింది, నేను వెళ్లలేదు.

బావ మళ్లీ ఆ గదిలోకి వెళ్లిన రోజున ఇంటి నుంచి సుత్తి తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగొచ్చాక ఎందుకని అడిగాను.

"ఆ కాలెండరుకి వేరే మేకు కొట్టినాను," అన్నాడు. "కొడుతుంటే పూజా కమిటీవోడు నిలబడి సూసినాడు. ఏటీ అన్లేదు."

ఆనాడు దాన్ని పలక మీదే తగిలించింది గోడ మీద చోటు లేక కాదు. అది పెద్ద గోడే.