డొల్లగా మోగిన గట్టు

సదయ్యకు నేలను నమ్మే అలవాటు లేదు. బొగ్గుబాయిలో బతుకంతా గడిపినవాడికి ఆ అలవాటు ఎలా వస్తుంది? షిఫ్టు మొదలయ్యే ముందు పైకప్పును కర్రతో కొట్టి చూడటం అతని పని. గట్టిగా మోగితే కింద మనుషులు నిలబడవచ్చు. డొల్లగా మోగితే గడ్డపారతో ఆ పెళ్లను ముందే దించెయ్యాలి. ఒకరోజు ఆ పని కాకముందే లోపలికి వెళ్లిన బావమరిది పోశం మళ్లీ నడిచి బయటికి రాలేదు. అప్పటినుంచి సదయ్య ఇంటి గోడనైనా తట్టిగానీ ఆనుకోడు. మొదట్లో నవ్విన భార్య పూలమ్మ తర్వాత నవ్వడం మానేసింది.

రిటైరయ్యాక పొద్దుపోక గోదావరి ఒడ్డున తిరుగుతుంటే, జ్యోతినగర్ బడిలో పాఠాలు చెప్పే మైత్రి పరిచయమైంది. వానలు వెనకబట్టి గునుగు పూసే రోజుల్లో, ఆదివారాలు ఆమె కాలనీ కుటుంబాలను ఏటిగట్టు వెంట నడిపించి పిట్టలనూ జంతువులనూ చూపిస్తుంది. పిట్టల సంగతి ఆమెది, దారి సంగతి సదయ్యది. ఎక్కడ జారుతుందో, జనం ఎక్కడ నిలబడాలో అతనే చెప్పాలి.

అందరూ వచ్చేది ఏట్లో చేపలు పట్టి బతికే నీటికుక్కల కోసమే. ఆ చుట్టుపక్కల మిగిలింది ఒక్క జంటే. ఆడది ఈని ఉంటుందని, గూడు ఎక్కడుందో తెలియదని, బెదిరితే ఇక ఈ ఒడ్డుకు రావని మైత్రి చెప్పింది. పిల్లలు లేని సదయ్య, పుట్టబోయే మనవల కోసం చూసినట్టు ఆ పిల్లల కోసం ఎదురుచూశాడు. పూలమ్మ దగ్గర అతనికి వాటి ముచ్చట తప్ప మరోటి లేదు.

శనివారం సాయంత్రం దారి చూసి రావడానికి వెళ్లాడు. వరద గట్టును కింద కోసింది. జనం నిలబడే చోట కర్రతో తట్టాడు. డొల్లగా మోగింది. మళ్లీ తట్టినా అదే మోత. తెల్లారితే దానిమీద తల్లులు, పిల్లలు నిలబడతారు. గడ్డపార తెచ్చి, చీకటి పడేలోపు ఆ అంచునంతా కిందికి దించేశాడు. ఒక కీడు తప్పించానన్న తృప్తితో ఇంటికొచ్చి కంటినిండా నిద్రపోయాడు.

ఆదివారం మబ్బుగా ఉంది. తల్లి నీటికుక్క ఒంటరిగా, కూలిన మట్టి ముందే తిరుగుతోంది. మునుగుతుంది, తేలుతుంది, మట్టిని గీరుతుంది, సన్నగా ఈల వేసినట్టు అరుస్తుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదని జనం మురిసిపోయి ఫోన్లు తీశారు. మైత్రి ముఖం మాత్రం పాలిపోయింది.

"సదయ్య గారూ, ఈ గట్టు ఎప్పుడు కూలింది?"

"నేనే కూల్చిన మేడం. డొల్లగ మోగింది. మనుషులు పడుతరనుకున్న."

"ఆ డొల్లలోనే దాని గూడు ఉన్నట్టుంది," అందామె మెల్లగా.

ఆమె జనాన్ని దూరంగా తీసుకెళ్లింది. సదయ్య నీళ్లలోకి దిగి చేతులతో తవ్వాడు. గోళ్లు చిట్లినా ఆగలేదు. పిల్లలు దొరికాయి. కళ్లయినా తెరవలేదు. ఒకటి ఇంకా వెచ్చగా ఉంటే అరచేతిలో పెట్టుకుని, ముక్కులో మట్టి తుడిచి ఊదాడు. చాలాసేపు ఊదాడు. అది కదలలేదు. తడిమట్టి మీద వాటిని పడుకోబెట్టి వెనక్కి జరిగాడు. పాపమంతా తనదే, ఎవరిమీదికి తోసెయ్యగలడు?

తల్లి వచ్చి అన్నింటినీ వాసన చూసింది. ఒకదాన్ని మెడపట్టి నీళ్లలోకి తీసుకెళ్లి వదిలింది. అది తేలిపోతుంటే మూతితో మళ్లీ మళ్లీ పైకెత్తింది.

దూరాన ఫోను కెమెరాలో చూస్తున్న కాలనీ ఇంజనీరు శ్రీనివాసరావు సంబరంగా అందరినీ పిలిచాడు. "చూడండి, పిల్లకి ఈత నేర్పుతోంది."

సదయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆ మాట విన్నాడు.