వీసా రాకముందే సాగనంపిన సంఘం

ప్రభువునందు ప్రియమైన అన్నలకు, అక్కలకు, నన్ను చంకనెత్తుకుని పెంచిన మా మందిరంలోని అవ్వలందరికీ నా వందనాలు! వీసా చేతికి రాకముందే సాగనంపు ప్రార్థన చేయించుకుని, శాలువా కప్పించుకుని, తొక్కు పచ్చడి డబ్బాలు, సకినాల సంచులు అందుకుని, మళ్ళీ అవే డబ్బాలతో అదే మందిరంలో కూర్చున్న మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే సహోదరులారా! ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గాని, ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు హైదరాబాదులో పాస్‌పోర్టు తీసుకుని రైలులో మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు, తిరిగి వస్తున్నాను. రైలు జనగామలో ఆగింది. ఎదురు సీటులో ఒకామె పిల్లలకు పల్లీలు ఒలిచి పెడుతూ నా చేతిలోనూ గుప్పెడు పోసి, "తిను బిడ్డ, ఎందుకట్ల ఏడుస్తున్నవ్?" అని అడిగింది, అప్పటిదాకా నేను ఏడుస్తున్న సంగతి నాకే తెలియదు! పాస్‌పోర్టులో వీసా లేదు. నీకు వీసా ఇవ్వలేము అనే కాగితం ఒకటి ఉంది. అంతకు ముందు రోజే, ఆదివారం ఆరాధనలో, మా సంఘమంతా లేచి నిలబడి నన్ను జర్మనీకి సాగనంపింది.

అసలు సంగతి మొదటినుంచి చెబుతాను. నా పేరు సలోమి, మాది దంతాలపల్లి. మా బాపు ఆటో నడుపుతాడు, మా అమ్మ రాహేలమ్మ అంగన్‌వాడీ టీచర్. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తాను. ఆ విద్య నాకు ఏ కాలేజీలోనూ రాలేదు, ఎండాకాలం సెలవుల్లో మన మందిరాలలో పిల్లలకు పెట్టే బైబిలు బడికి చార్టుల మీద నోవహు ఓడలు, దావీదు గొర్రెలు గీసీ గీసీ వచ్చింది. తర్వాత ఇంటర్నెట్‌లో పెట్టిన నా బొమ్మలు చూసి జర్మనీలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ పని ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడి ఎడిటరమ్మ చాలా మంచిది. ఇక్కడికి వచ్చేయ్, చిత్రకారులంతా కలిసి పనిచేసే చోటు ఉంది, బొమ్మ గీయడం నుంచి అచ్చు వేయడం దాకా పుస్తకం పని మొత్తం నేర్చుకోవచ్చు అని ఆమె రాస్తే, నాకు ఆకలి కూడా వేయలేదు ఆ రోజు!

ఆ దేశంలో నాలాంటి వాళ్ళకు, అంటే ఒకరి కింద ఉద్యోగం కాకుండా ఫ్రీలాన్సర్‌గా పనిచేసే వాళ్ళకు, వేరే వీసా ఉంది. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ ఎస్తేరవ్వ. ఆమె ఈ మాట విని, "అంటే నౌకరి లేదన్నట్టేనా బిడ్డ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకుంది. "నౌకరి లేదు గని పని ఉన్నదవ్వా. దర్జీ లెక్క. ఏ ఇంట్ల బట్టలిస్తె ఆ ఇంటియి కుడుతది." అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇక ఆ వీసా కోసం పడిన తిప్పలు! అపాయింట్‌మెంట్ దొరకదు, వెబ్‌సైటు తెరిచిన ప్రతిసారీ ఖాళీ లేదనే వస్తుంది, చివరికి మా సంఘం పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి నా లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నవ్వకండి, ఆ వారమే దొరికింది! ఆరోగ్య బీమా, బ్యాంకు కాగితాలు, గీసిన బొమ్మల ఆల్బం, ఎడిటరమ్మ ఇచ్చిన ఉత్తరం, ఇవన్నీ సర్దుకుని పోయి ఇచ్చి వచ్చాను. కొన్నాళ్ళకు ఒక శనివారం ఫోనుకు సందేశం వచ్చింది, మీ పాస్‌పోర్టు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకోండి అని. అందులో ఉన్నది అంతే! వీసా వచ్చిందని లేదు, రాలేదని లేదు.

కానీ మా అమ్మ సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. అడిగినది చేతికి అందకముందే అందిందని సాక్ష్యం చెప్పడం ఆమెకు అలవాటు, విశ్వాసమంటే అదే అంటుంది. బాపు కాలు విరిగినప్పుడు కట్టు విప్పకముందే నడుస్తున్నాడని చెప్పింది, ఇంటికి నల్లా రాకముందే నీళ్ళు వస్తున్నాయని చెప్పింది. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేస్తుంటే నేను కొంగు పట్టి గుంజాను. ఒక్క విదిలింపు విదిలించి, మైకు అందుకుని, "మా సలోమికి వీసా వచ్చింది, ఈ వారమే జర్మనీకి పోతున్నది, దేవునికే మహిమ!" అనేసింది.

అయిపోయింది! ఈ వారమే అన్నాక ఎవరాగుతారు? ఆరాధన ముగిసేసరికి ఎవరి ఇంటికి వాళ్ళు పరుగెత్తి తొక్కు డబ్బాలు, సకినాలు పట్టుకొచ్చారు, అయ్యగారు శాలువా కప్పారు. పిల్లల బైబిలు బడి బాధ్యత నా దగ్గరనుంచి తీసి మా సంఘంలోనే షారోను అనే అమ్మాయికి అప్పగించారు, రంగులు విమానంలో మోసుకుపోతావా అని ఎవరో అంటే నా రంగుల డబ్బాలు, కుంచెలు కూడా అక్కడికక్కడే ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఎస్తేరవ్వ తన ఉన్ని గొంగడి నా భుజం మీద వేసి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. "ప్రభువా, గీ బిడ్డ కాలు తీసి బయట పెట్టింది, ఇగ నువ్వే చెయ్యి పట్టుకొని తోల్కపో తండ్రీ! ఆడ సలి ఎక్కువంట, జర సూసుకో!" అందరూ ఆమేన్ అన్నారు. నేను కూడా అన్నాను, ఏం చేయను మరి!

మర్నాడే పోయి ఆ కాగితం తెచ్చుకున్నాను. అందులో రాసింది ఏమిటంటే, నీ పనంతా ఒకే సంస్థనుంచి వస్తోంది, అలాంటప్పుడు నువ్వు ఉద్యోగివి అవుతావు గాని స్వతంత్రంగా పనిచేసేదానివి కావు, ఇంకొన్ని సంస్థలు కూడా పని ఇస్తామని రాసిస్తే మళ్ళీ దరఖాస్తు చేసుకో అని. నేను చదివి చెప్తే అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నిజమే కదనే," అంది తర్వాత. "ఒక్క ఇంటి బట్టలే కుడితె దర్జీ ఎట్ల అయితది?"

వీసా రాలేదన్న దానికంటే ఎక్కువ బాధ నాకు ఇంకొకటి ఉంది. తర్వాతి ఆదివారం అయ్యగారు లేచి జరిగింది జరిగినట్టు చెప్పారు. వెనుక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సాక్ష్యాల సమయం వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఏ ఆదివారమూ లేవకుండా ఉండని మా అమ్మ, సహోదరులారా, ఆ రోజు లేవలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా లేవలేదు. చేతిలో బైబిలు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. అది చూడలేక నేను భూపాలపల్లిలో ఉన్న మా అక్క ఇంటికి పారిపోయాను.

అక్కడ గోడకు ముఖం పెట్టి పడుకునేదాన్ని. మధ్యాహ్నం దగ్గర్లోని బొగ్గు గనిలో బాంబులు పేలిస్తే కిటికీలు గడగడలాడేవి, నేను మాత్రం కదిలేదాన్ని కాదు. బొమ్మ గీయడం మానేశాను. అక్క అన్నం పెట్టి పెట్టి విసిగిపోయి, "నువ్వు యోనా లెక్క చేప కడుపుల పండుకున్నవే, ఎప్పుడు బయటికొస్తవ్?" అనేది. ఆ గదిలోనే ఒకరోజు మోకాళ్ళ మీద పడి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నేను పోవుడు నీకిష్టం లేకుంటె చెప్పు, దంతాలపల్లిల్నే ఉంట. గని మా అమ్మను నవ్వులపాలు చెయ్యకు తండ్రీ. ఆమె నిన్ను నమ్మే గా మాట అన్నది. ఆమెను మళ్ళ లేపు!" వీసా సంగతి ఆ ప్రార్థనలో అడగనే లేదు, అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఆ మర్నాడే అమ్మ ఫోన్ చేసింది. "బయ్యారం దిక్కు ఊళ్ళె పిల్లలకు బైబిలు బడి పెడుతున్నం. షారోను మానుకోట పిల్లలతోని ఉన్నది, ఈడ బొమ్మలు గీసేటోళ్ళు లేరు. బస్సెక్కు." రాను అన్నాను. "నీ బడి నీ దగ్గర లేదు, నీ జర్మనీ నీ దగ్గర లేదు, ఖాళీగనే ఉన్నవ్ కద, రా వే!" అంది. సంచి సర్దుకుని బస్సెక్కి వెళ్ళాను.

వెళ్ళి చూస్తే చార్టులు ఉన్నాయి, రంగులు లేవు! నావన్నీ షారోను దగ్గర మానుకోటలో ఉన్నాయి. పిల్లలు వచ్చి కూర్చున్నారు, కథ యోనాది, నా చేతిలో ఒక పెన్సిలు. అమ్మ అటూ ఇటూ చూసి, బడి పెట్టిన ఇంటి వాకిలి పక్కన తవ్విపోసిన ఎర్రమన్ను ఒక తట్టలో తెచ్చి ముందు పెట్టింది. ఆ ప్రాంతం మన్ను మీకు తెలుసు, ఇనుపరాయి కలిసి ముట్టుకుంటే చేతికి అంటుకునేంత ఎరుపు. "గిదేందమ్మా?" అన్నాను. "రంగే కద, గియ్యి!" అంది. నీళ్ళు, కొంచెం తుమ్మబంక కలిపి, వేపపుల్ల నమిలి కుంచె చేసుకుని గీయడం మొదలుపెట్టాను. పొయ్యిలోని బొగ్గు నలుపుకు, వంటింటి పసుపు సూర్యుడికి, ముగ్గుపిండి నురగకు పనికొచ్చాయి. చేప ఎర్రగా, ఊరంత వచ్చింది. యోనాకు మాత్రం గొంగడి కప్పాను, ఎస్తేరవ్వ ఇచ్చిన గొంగడే! చేప కడుపులో గొంగడి కప్పుకుని అలిగి కూర్చున్న యోనాను చూసి పిల్లలు ఒకటే నవ్వు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాను సహోదరులారా!

ఆ వారమంతా ఆ మన్నుతోనే గీశాను. పని ఆలస్యమైనందుకు ఎడిటరమ్మకు క్షమాపణ రాస్తూ, ఇదిగో ఇందుకు ఆలస్యమైంది అని ఆ బొమ్మల ఫోటోలు పంపాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. ఆమె వాటిని తనకు తెలిసిన వాళ్ళకు చూపించింది. ఒక పిల్లల పత్రిక వాళ్ళు, ఇంకో పుస్తకాల వాళ్ళు, ఈ మన్ను రంగుల బొమ్మలు మాకూ కావాలి, మాకూ గీస్తావా అని రాశారు! అవును, రాశారు! ఒక్క ఇంటి దర్జీని మూడిళ్ళ దర్జీని చేశాడు దేవుడు! ఆలోచించండి, అమ్మ తొందరపడి ఆ మాట అనకపోతే నా రంగులు నా దగ్గరే ఉండేవి, రంగులు ఉంటే ఆ మన్ను ముట్టేదాన్నే కాదు. ఎవరు చేయగలరు ఇలాంటి పని, ఆయన కాకపోతే!

ఆ ఉత్తరాలన్నీ పెట్టి మళ్ళీ దరఖాస్తు చేశాను. ఇంటర్వ్యూలో అధికారి ఆల్బం తిప్పుతూ ఆ ఎర్ర చేప దగ్గర ఆగి, ఇది ఏ రంగు అని అడిగాడు. "మా ఊరి దిక్కు మన్ను సార్," అన్నాను. ఆయన కూడా నవ్వాడు. ఈసారి పాస్‌పోర్టు తీసుకోవడానికి అమ్మ కూడా వచ్చింది. ఆమె కవరు తెరవలేదు, నన్నే తెరవమంది. వీసా అంటించి ఉంది! అక్కడే మెట్ల మీద కూర్చుని అమ్మ ఏడ్చింది, నేను ఏడ్చాను, కాపలాదారు వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరం ఒకేసారి "వచ్చింది!" అన్నాం.

పోయిన ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. వీసా సంగతి అప్పటికింకా మందిరంలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ లేస్తుందేమోనని చూశాను. పెదవులు బిగబట్టుకుని కూర్చుంది, కాళ్ళు మాత్రం నిలవడం లేదు! ఇక నేనే లేచాను. "మా అమ్మ ఆ రోజు చెప్పిన మాట అబద్ధం కాదు. అమ్మ ముందు నడిచింది, నేను వెనుక ఆలస్యంగా వచ్చాను. వీసా వచ్చింది," అని పాస్‌పోర్టు పైకెత్తి చూపించాను. మందిరం దద్దరిల్లింది!

అయ్యగారు ఎస్తేరవ్వను మళ్ళీ సాగనంపు ప్రార్థన చేయమన్నారు. అవ్వ ససేమిరా అంది. "ఎందుకయ్యా? బిడ్డను చెయ్యి పట్టుకొని తోల్కపొమ్మని ఆయనకు అప్పుడే చెప్పిన. మళ్ళ చెప్తె ఆయనకు ఇనబడలేదన్నట్టు కాదా? పోయిరా బిడ్డ, గొంగడి మరువకు!" అని కూర్చుంది.

సహోదరులారా, ఈ మాటలు రాస్తుంటే నా పెట్టె సర్ది మంచం పక్కన ఉంది, గొంగడి అందులో అన్నింటికంటే పైన ఉంది. మీలో ఎవరైనా మూసిన తలుపు ముందు నిలబడి ఉంటే, నమ్మి ఒక మాట అన్నందుకు నలుగురిలో తల దించుకుని ఉంటే, దయచేసి ఆయనను విడిచిపెట్టకండి. నాకు చేసిన దేవుడు మీకూ చేస్తాడు, రంగులు లేకపోతే మన్నుతోనైనా చేస్తాడు. నా కోసం ప్రార్థించిన ప్రతి ఒక్కరికీ నిండు మనసుతో కృతజ్ఞతలు.

ఇంకొక్క మాట. ఆ ఆదివారం అవ్వ కూర్చోగానే మా అమ్మ లేచింది. ఇన్ని రోజుల తర్వాత లేచింది! మైకు అందుకుని, "మా సలోమికి జర్మనీల ఉండేటందుకు ఇల్లు సుత దొరికింది, దేవునికే మహిమ!" అంది. ఇల్లు ఇంకా దొరకలేదు సహోదరులారా, అక్కడ ఇల్లు దొరకడం వీసా కంటే కష్టమట! కానీ ఈసారి నేను కొంగు పట్టి గుంజలేదు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.