పని కాకముందే తీసుకున్న ఓటీపీ

తెనాలిలో నేను వార్డు ఉద్యోగిగా ఉన్నప్పుడు, ఫిర్యాదు పరిష్కారమైందని యాప్‌లో ఎక్కించాలంటే ఫిర్యాదు చేసినవారి ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. పని చూసుకుని తృప్తి పడ్డాకే వాళ్ళు దాన్ని చెప్పాలి. జనం మాటే చివరి మాట కావాలని పెట్టిన పద్ధతి అది. గడువు దగ్గర పడితే నేను ముందే అడిగేవాణ్ణి.

మా వార్డులో ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరు ఒకావిడ, గుమ్మం ముందు మురుగుకాలువ మీది పలక విరిగిందని ఫిర్యాదు పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో కాలువ దాటలేరు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది ఆవిడే.

గడువు చివరి రోజు వెళ్ళాను.

"పలకేదయ్యా?"

"రేపొచ్చేస్తుందండి. మీ ఫోనుకి నంబరొచ్చింది, అది చెబితే చాలు."

"పరీక్ష రాయకుండానే మార్కులేయమంటావు," అని నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని నాలుగంకెలూ చదివారు.

మర్నాడు పలక రాలేదు. మూసేసిన ఫిర్యాదు ఎవరి జాబితాలోనూ కనిపించదు. నేనూ వేరే పనుల్లో పడిపోయాను. రెండు నెలలు ఆవిడ ఇల్లు కదల్లేదు. చివరికి వార్డు సభలో పక్కింటాయన లేచి అడిగితే, ఫోను తీసి 'పరిష్కారమైంది' అన్న పచ్చ అక్షరాలు అందరికీ చూపించాను.

"మరి ఆవిడ అసలు వెయ్యలేదంటున్నారే?"

"వేశామండి, మళ్ళీ విరిగుంటుంది. పెద్దావిడ కదా, మరిచిపోయుంటారు."

అది అబద్ధం. ఆ వారంలోనే పలక పడింది గాని, నా మాట మాత్రం వీధిలో ఉండిపోయింది. సభలో ఆ చర్చివాళ్ళూ ఉన్నారు. ఆవిడ తిరిగి చర్చికి వెళ్ళేసరికి పాఠం ఇంకొకరికి అప్పజెప్పారు. "మీకెందుకండీ శ్రమ, మరుపు కూడా వస్తోందంట కదా," అన్నారట. నాకిది తెలిసేనాటికి బాపట్ల బదిలీ కాగితం చేతిలో ఉంది. అదే సాకు చేసుకుని వెళ్ళిపోయాను.

తరువాత రేపల్లె వచ్చాను. నా భార్య పోయింది. ఒక గదిలో ఉంటున్నాను. నా ఫోనుకు వచ్చేవి ఎక్కువగా ఓటీపీలే. ఆ నాలుగంకెలు చూసినప్పుడల్లా ఆవిడ కళ్ళజోడు గుర్తొస్తుంది. మొన్నొక ఆదివారం ఉదయం తెనాలి బండెక్కాను.

తలుపు తీశారు. "గుర్తుపట్టారాండి?" అన్నాను.

"ఏడు, సున్నా, రెండు, తొమ్మిది," అన్నారు. "ఆరోజు నీ జేబు మీద ఇంకు మరకుంది. కూర్చో నాయనా."

"చర్చికి వెళ్ళలేదాండి?"

"పిల్లల పాట ఇక్కడికి వినపడుతుందిలే."

జరిగినదంతా చెప్పాను.

"ఇదంతా నాకు తెలుసుగా. తెలియంది వాళ్ళకి. అక్కడికెళ్ళి చెప్పు."

చర్చి రెండు సందుల అవతల. గేటు దాకా నడిచాను. వెనక గదిలో పిల్లలు వాక్యం వల్లె వేస్తున్నారు, ఎవరో కొత్త గొంతు చెబుతోంది. కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళకుండానే స్టేషనుకు వచ్చేశాను.

అందుకే రాస్తున్నాను. ఆ రోజు పలక వేయలేదు. ఆవిడ ఏదీ మరిచిపోలేదు. వచ్చే ఆదివారం ఈ కాగితాలు పట్టుకుని ఆ గేటు దాటాలి. నోట మాట రాకపోతే చూసి చదువుతాను.