తీపిని పట్టుకుని లోపలికి వచ్చే జ్వరం

నా చిన్నప్పుడు మా గానుగ దగ్గర జరిగిన ఒక సంగతిని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. చిత్తూరులో మా శాఖా గ్రంథాలయానికి వచ్చే పిల్లలకు ఫ్లూ జ్వరం గురించి చెబుతుంటాను. పెద్ద చదువులు లేని ఈ అవ్వకు ఇదంతా ఎలా తెలుసని అడుగుతారు. పుస్తకాల్లో చదివానని గర్వంగానే చెబుతాను. కానీ ఆ పుస్తకాలు నాకు అంత బాగా అర్థం కావడానికి ఆ రోజే కారణం. అది దాచిపెడితే నేను చెప్పేది సగమే అవుతుంది.

మాది చెరుకు పండే ఊరు. నాయన గానుగ ఆడించేవాడు. పాకం కాగిన కొప్పెర దించే వేళకు ఎవరు వచ్చి ఆకు పట్టినా వేడి బెల్లం పెట్టాల్సిందే. పెట్టినప్పుడు వద్దనడం కూడా తప్పే. వద్దంటే మరుసటి పాకం మాడిపోతుందని మావాళ్ళ నమ్మకం. అందుకని మా ఊరి పిల్లలకు నడక వచ్చేసరికే చేయి చాపడం వచ్చేసేది.

ఆ ఏడు ఇంటింటా జ్వరాలు. నాకూ వచ్చింది. టౌను నుంచి వచ్చిన కాంపౌండరు సూది వేస్తాడని తెలిసి, చెరుకు పిప్పి కుప్పలో దూరాను. నాయన బెదిరించాడు. చిన్నాయన బతిమాలాడు.

"రామ్మా, సూదీ లేదు, ఏమీ లేదు. ఆయప్ప ఎప్పుడో పోయినాడు."

"అయితే ఆడుండే పెట్టె ఎవురిది, నీదా?" అని లోపలి నుంచే అడిగాను. గానుగ దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు.

అప్పుడు పక్కింటి అక్క వచ్చింది. అమ్మ పొలానికి పోతే నాకు తల దువ్వి, అన్నం పెట్టి, కథలు చెప్పింది ఆమే. నాతో అబద్ధమాడని పెద్దమనిషి ఒకరుంటే అది అక్కే అనుకునేదాన్ని. అరటాకు ముక్కలో వేడి బెల్లం పట్టుకుని కుప్ప పక్కన కూర్చుంది.

"ఈడ ఎవురూ లేరు, నేనొక్కదాన్నే ఉండా. ఆరిపోతాది, సెయ్యి సాపు" అంది.

చాపాను. నా చేతిలో బెల్లం పడలేదు. నా మణికట్టు ఆమె గుప్పిట్లో పడింది. బయటికి లాగేసరికి నాయన, చిన్నాయన, కాంపౌండరు సిద్ధంగా నిలబడి ఉన్నారు.

సూది నొప్పి నాకు గుర్తు లేదు. "నువ్వు గూడానా అక్కా" అని అడగడం గుర్తుంది. ఆమె బెల్లం నా నోటి దగ్గర పెడుతూ నవ్వింది. "నేనైనందుకే గదే సాపినావు. ఇంకొకరికైతే సాపుతావా?" అంది. నేను పెదవులు బిగించుకున్నాను. గానుగ దగ్గర బెల్లం వద్దనడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ఆమె దువ్వెన పట్టుకుని పిలిచినా పోలేదు. కొన్నాళ్ళకు ఆమెకు రేణిగుంట సంబంధం కుదిరి వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళకు గ్రంథాలయంలో వైరస్‌ల గురించి చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మన ముక్కులో, గొంతులో ఉండే కణాల మీద సన్నని పోగుల వంటివి ఉంటాయి. వాటి కొసన ఒక రకం చక్కెర. కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం లాంటి పనులకు అది కావాలి. ఫ్లూ వైరస్‌కు ఒంటినిండా ముళ్ళు. ఆ ముల్లు కొసన ఉన్న చిన్న గుంట సరిగ్గా ఆ చక్కెరకే సరిపోతుంది. ఒక ముల్లు పట్టు బలహీనమే. చాలా ముళ్ళు కలిసి పట్టుకుంటే ఇక వదలదు. అది గోడ పగలగొట్టి రాదు. కావలసినవాటిని లోపలికి తీసుకునే అలవాటు కొద్దీ, కణమే దాన్ని చుట్టి తీసుకుపోతుంది. పక్షులకు వచ్చే ఫ్లూ మనుషులకు అంత సులువుగా అంటకపోవడానికి ఒక కారణం, ఆ చక్కెర పోగుకు అతుక్కుని ఉండే తీరు పక్షుల్లో వేరుగా ఉండటమేనట. చిన్నాయనకు నేను ఎందుకు చిక్కలేదో, అక్కకు ఎందుకు చిక్కానో ఆ పేజీలో ఉంది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. మాకు వచ్చింది ఫ్లూయే అయితే, అప్పట్లో అన్ని జ్వరాలకూ వేసే ఆ సూది దాన్ని ఏమీ చేసి ఉండదు. జ్వరం దానంతట అదే తగ్గి ఉంటుంది. నా అక్కను మాత్రం ఊరికే పోగొట్టుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

కణం ఆ చక్కెరను దాచుకుని బతకలేదు. నేనూ మనుషుల ముందు చేయి చాపడం మానలేదు. కానీ నన్ను నమ్మిన పిల్లలను ఆ నమ్మకంతోనే పట్టుకోవడం నాకు చేతకాదు. మనవరాలికి చిన్నప్పుడు ఫ్లూ టీకా వేయించిన రోజు "నొప్పి పుడతాది, కొంచేపుంటాది" అని ముందే చెప్పాను. అది మొహం పక్కకు తిప్పుకుని, చేయి తానే ఇచ్చింది.

అడిగిన పుస్తకమల్లా వెతికి పెట్టిన లైబ్రేరియన్ మునిరత్నం గారికి, నా అనుమానాలు తీర్చిన రిటైర్డ్ సైన్సు టీచరు ఖాదర్ బాషా గారికి, ఇది టైపు చేసిన మనవరాలు హేమకు కృతజ్ఞతలు. అక్క పేరు కూడా ఇక్కడ ఉండాలి. ఈ చదువు మొదలైంది ఆమె దగ్గరే. ఆమె పేరు చెప్పమని హేమ రెండుసార్లు అడిగింది. నాకు నోరు రాలేదు.