భద్రయ్య రాయి, ముత్తెన్న బ్రేకు

బాన్సువాడ చుట్టుపక్కల మనుషులకు హోదా రకరకాలుగా వస్తుంది. భూమి వల్ల కొందరికి, పంచాయితీలు చెప్పడం వల్ల కొందరికి, ఓడిపోయినా సరే ఎన్నికల్లో నిలబడ్డందుకు మరికొందరికి. నస్రుల్లాబాద్ భద్రయ్యకు మాత్రం ఒక జీపుకు బ్రేకులు సరిగా పడకపోవడం వల్ల వచ్చింది.

ఆ జీపు ముత్తెన్న పటేలుది. తొంభైల మొదట్లో మిలిటరీ వేలంలో కొన్నాడు. ఊరికి తెచ్చిన రోజున దాన్ని చూడడానికి వచ్చినవాళ్లలో సగం మంది, అది ఏ యుద్ధంలో పాల్గొన్నదో తమకు తెలుసన్నట్టు మాట్లాడారు. మిగతా సగం మంది నమ్మారు. వడ్ల బస్తాలు వేసినా, పదిమంది ఎక్కినా, బురదలో దిగబడ్డా అది కదిలేది. కదలడంలో దానికి లోటు లేదు. ఆగడంలోనే ఉంది.

బ్రేకు మొదటిసారి తొక్కితే కాలు నేలదాకా పోయేది. రెండోసారి తొక్కితే జీపుకు ఏదో గుర్తొచ్చినట్టు ఉండేది. మళ్లీ మళ్లీ తొక్కితే ఆగేది, అదీ ఎదురుగా ఎత్తు ఉంటే. హ్యాండు బ్రేకు కర్రకు ముత్తెన్న సద్ది గిన్నె తగిలించేవాడు, దానికి అంతకన్నా వేరే పని లేదు గనుక. కాబట్టి జీపు ఎక్కడ ఆగినా ఒక మనిషి దూకి చక్రం కింద రాయి పెట్టాలి. ఆ మనిషి భద్రయ్య.

అంతకు ముందు భద్రయ్య అనే మనిషి ఉన్నాడని ఊళ్లో చాలామంది గమనించలేదు. కాలువ చివర అతనికి కొంచెం భూమి ఉంది. నిజాంసాగర్ నీళ్లు ప్రతి ఏడూ ఎంతో ఉత్సాహంగా బయల్దేరి, భద్రయ్య పొలం కనబడే దూరం దాకా వచ్చి, మనసు మార్చుకునేవి. అతను అర్జీలు పెట్టడం కూడా మానేశాడు. ముత్తెన్నకు వరసకు బావ అవుతాడు గనుక ఒకసారి ఊరికే జీపెక్కాడు, ఆ రోజే ఎవరో రాయి పెట్టమన్నారు. పెట్టాడు. ఇక దిగలేదు.

కాలువ గట్టున ఏరుకున్న మూడు మూలల నల్లరాయి అది. దానికి కొబ్బరితాడుతో పిడి కట్టాడు. ఒళ్లో పెట్టుకొని ముందు సీట్లో, ముత్తెన్న పక్కన కూర్చునేవాడు. ఊరి పెద్దమనుషులు, బడి పంతులు, చుట్టాలు అందరూ వెనక ఎదురుబొదురు రేకు సీట్లమీద మోకాళ్లు రాసుకుంటూ కూర్చోవాలి. ఎవరైనా ముందు సీటు అడిగితే భద్రయ్య జాలిగా చూసేవాడు.

"కూసో సారూ. గని బండి ఆగంగనే దుంకాలె, రాయి వెట్టాలె. చేతనైతదా?"

పంతులు వెనక్కి వెళ్లి కూర్చునేవాడు.

అలా కోటగిరి మీదుగా పోతుంటే జనం ముత్తెన్నకు నమస్కారాలు పెట్టేవారు. భద్రయ్య వాటిలో సగానికి పైగా తనవేనని లెక్కవేసుకొని చెయ్యెత్తేవాడు. బాన్సువాడ చాయ్ హోటల్లో అతను రాగానే బెంచీమీద జరిగి చోటిచ్చేవారు. ఇదంతా ఇంట్లో అతని భార్య సమ్మవ్వకు ఎక్కేది కాదు.

"నాగలి పట్టేటోని పెండ్లాన్నని చెప్పుకోవచ్చు. బండి తోలేటోని పెండ్లాన్నని చెప్పుకోవచ్చు. రాయి పట్టేటోని పెండ్లాన్నని యాడ చెప్పుకోవాలె?"

"బావ తోలుతడు, నేను ఆపుత. రెండిట్ల ఏది పెద్ద పనో నువ్వే చెప్పు."

సమ్మవ్వ చెప్పేది. అది ఇక్కడ రాయదగింది కాదు.

మోటారు బండ్లు కొత్తగా పుట్టిన రోజుల్లో ఇంగ్లండులో ఒక చట్టం ఉండేదని చదివాను. బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలట. రోడ్డు నడిమధ్యన, జెండాతో, యంత్రానికి దారి చూపిస్తూ నడిచిన ఆ మనిషి సాయంత్రం ఇంటికెళ్లి పెళ్లాంతో ఎంత దర్పంగా మాట్లాడి ఉంటాడో ఊహించవచ్చు. తర్వాత చట్టం ఎత్తేశారు. జెండా మనుషులు ఏమయ్యారో ఎవరూ రాయలేదు. చరిత్రకారులకు ఇంజన్లంటేనే ఇష్టం. మన దేశంలోనూ ఏదో ఒకటి సరిగా పనిచేయకపోవడం మీదే బతికే ఉద్యోగాలు కోకొల్లలు. వాటిలో చాలావాటికి పెన్షన్ కూడా ఉంది. భద్రయ్యది మాత్రం ఒక్క బ్రేకు మీద ఆధారపడ్డ పదవి.

ఆ పదవికి తనే ఎసరు పెట్టుకున్నాడు.

కొత్త శతాబ్దం వచ్చాక, ఒక వానాకాలం చివర్లో, ఓ పొద్దున ముత్తెన్న బాన్సువాడలో జీపు ఆపి ఎరువుల దుకాణంలోకి వెళ్లాడు. చాయ్ హోటల్లో ఎవరో కొత్త మనిషి, మంజీర వంతెన దగ్గరి దిగుడులో నిండు బండిని భద్రయ్య ఎలా ఆపాడో చెప్పమని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాడు. చూపించకుండా చెబితే కథ పండదు గనుక రాయిని కూడా హోటల్లోకి తీసుకెళ్లాడు. జీపు కింద పెట్టాల్సిన రాయి బెంచీ కింద పెట్టి, "గిట్ల దుంకిన, గిట్ల నూకిన" అని అతను చూపిస్తుండగా, బయట జీపు నెమ్మదిగా, ఎవరికీ చెప్పకుండా వెనక్కి బయల్దేరింది. రోడ్డు దాటి, ఒక శిలాఫలకాన్ని గుద్ది ఆగింది.

అది కమ్యూనిటీ హాలు శిలాఫలకం. చాలా ఏళ్ల కిందట పాతారు. హాలు రాలేదు. మేకలు వీపులు రాసుకోవడానికి తప్ప దాన్ని ఎవరూ తలుచుకున్నది లేదు. అది రెండు ముక్కలు కాగానే పట్టణం గౌరవం దెబ్బతిన్నది. దాన్ని మరిచిపోయిన నాయకులందరూ వచ్చారు. ఒకాయన విరిగిన ముక్క మీద చెయ్యేసి ఫోటో దిగాడు. చివరికి ముత్తెన్న కొత్త ఫలకం చేయించి ఇచ్చాడు, దాన్ని మళ్లీ ఆవిష్కరించారు. హాలు ఇప్పటికీ లేదు, ఫలకం మాత్రం పాలరాతిది.

ఇంట్లో ముత్తెన్న భార్య ప్రేమల తేల్చి చెప్పింది. "ఇయ్యాల రాయిని గుద్దింది, రేపు మనిషిని గుద్దితే? బ్రేకులన్న మార్చు, లేకుంటే దాన్ని బర్రెల కొట్టంల కట్టేయ్."

మరునాడు జీపు కాసిం షెడ్డుకు చేరింది. బాన్సువాడలో పాత బండ్లకు ప్రాణం పోసేవాడు కాసిం. నాలుగు చక్రాలూ విప్పి, లోపలి డ్రమ్ములు చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"పటేల్ సాబ్, గిది బ్రేకు కాదు, దువా. కాలు వెట్టుడు, అల్లా మీద వదిలిపెట్టుడు. గిన్నేండ్లు ఎట్ల తోలిన్రు?"

"నేనున్న గద," అన్నాడు భద్రయ్య.

కాసిం అతన్నీ, ఒళ్లోని రాయినీ చూశాడు. "హౌ హౌ, మాలూమ్ హై," అన్నాడు మర్యాదగా.

హైదరాబాదులో పాతసామాన్లలో ఒక కొత్తరకం బండి ముక్కలు దొరుకుతాయనీ, దాని డిస్కు బ్రేకులు తెచ్చి ముందు చక్రాలకు బిగిస్తాననీ కాసిం చెప్పాడు. సైకిలు రిమ్మును రెండు పక్కల నుంచి రబ్బరు దిమ్మెలు పట్టినట్టు, ఇనుప పళ్లాన్ని దిమ్మెలు పడతాయట. వెనక డ్రమ్ములకు కొత్త లైనింగు. పైన బూస్టరు. "మీ కాలుతోని పాటు ఇంజను గుడ తొక్కుతది, సాబ్." స్టీరింగుది వేరే కథ. దాని పెట్టె ఎంత అరిగిపోయిందంటే, చక్రం పావు వంతు తిరిగినా బండికి ఆ సంగతి తెలిసేది కాదు. ఊరి మలుపు తిరగడానికి ముత్తెన్న కల్లు దుకాణం దగ్గర్నుంచే తిప్పడం మొదలుపెట్టేవాడు. ఆ పెట్టె తీసేసి, చిటికెనవేలుతో తిరిగే పవర్ స్టీరింగు వేస్తానన్నాడు.

భద్రయ్య చివరి ప్రయత్నం చేశాడు. "బావా, గిది మిలిటరీ బండి. యుద్ధంల ముంగటికి పోవుడే గని ఆగుడుంటదా? గందుకే బ్రేకు తక్కువ వెట్టిన్రు. దాని తీరు మనం మార్చుడు మంచిది గాదు."

"భద్రయ్య సాబ్," అన్నాడు కాసిం, "యుద్ధం ఖతమైంది."

పని జరిగినన్ని రోజులూ భద్రయ్య షెడ్డులోనే, పాత టైరు మీద, ఒళ్లో రాయితో కూర్చున్నాడు. చాయ్ హోటలుకు పోవడం మానేశాడు. పోతే, "ఏంది భద్రన్నా, రిటైరైనవట? రాయిని గుడ రిటైర్ చేసిన్రా, దానికింక సర్వీసున్నదా?" అని అడిగేవాళ్లు. ముత్తెన్న లేనప్పుడు ఒకసారి కాసిం పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

"కాసిం భాయ్, ఒక్క చక్రానికన్న పాతదే ఉంచరాదు?"

"ఒక్క చక్రం పట్టకుంటే బండి అడ్డం తిరుగుతది. రాయి వెట్టనీకి దుంకినవంటే నువ్వే కిందికి వోతవ్. ఫికర్ చెయ్యకు భయ్యా, వేరే కామ్ దొరుకుతది."

వేరే పని దొరకని వయసులో ఆ మాట వినడం ఎంత హాయిగా ఉంటుందో అందరికీ తెలిసిందే.

జీపు తయారై బయటికొచ్చింది. ముత్తెన్న అలవాటు ప్రకారం ఊరి మలుపుకు కల్లు దుకాణం దగ్గరే స్టీరింగు తిప్పాడు. కొత్త స్టీరింగు మాట వినేరకం గనుక అక్కడే తిరిగి, ఎవరిదో కళ్లంలో ఆరబోసిన వడ్లమీదుగా పోయింది. ముత్తెన్న బ్రేకు తొక్కాడు. భద్రయ్య కూడా అలవాటు ప్రకారం రాయితో దూకాడు. జీపు తొక్కినచోటే నిలబడింది. భద్రయ్య మాత్రం దాని వేగం లెక్కగట్టి పరిగెత్తాడు గనుక, చాలా ముందుకు పోయి, వెనక్కి తిరిగి చూశాడు. రాయి ఉంది. కింద పెట్టడానికి చక్రం లేదు. వెనక్కి నడిచొచ్చి అయినా పెట్టాడు.

"ఇంకా ఎందుకు బావా?" అన్నాడు ముత్తెన్న.

"దానికి గుడ అలవాటు పోవాలె గద."

ముత్తెన్న నవ్వలేదు. "పంతులుకు మోకాళ్లు నొస్తున్నయట. రేపటి సంది ముందర ఆయన కూసుంటడు. నువ్వు ఎనక కూసో, సరేనా?" అన్నాడు.

సరే అన్నాడు భద్రయ్య. మరేమంటాడు? ఆ రాత్రి సమ్మవ్వ కూడా ఏమీ అనలేదట. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నెల తిరక్కుండా ముత్తెన్న అన్న కొడుకు రాజీవ్ పెళ్లి వచ్చింది. పిల్లది కోటగిరి. మా వైపు పెళ్లికొడుకును ఊరి పొలిమేర నుంచి జీపు బానెట్ మీద బొంత పరిచి కూర్చోబెట్టి తీసుకెళ్లడం గొప్ప. ముత్తెన్న జీపు ఈ పనికి పేరు మోసింది. ఎందుకంటే అది ఎన్నడూ ఠక్కున ఆగలేదు. పడవలాగా, జనాన్ని మెల్లగా నెట్టుకుంటూ పోయేది. ఆ గుణం పోయిందన్న సంగతి ఆ రోజు ఎవరికీ తోచలేదు. ముందు సీట్లో పంతులు. వెనక, ఆడవాళ్ల చీర కుచ్చిళ్ల మధ్య, కాళ్ల దగ్గర రాయి పెట్టుకొని భద్రయ్య.

ఎదుర్కోళ్లకు పిల్ల తరఫువాళ్లు బ్యాండుతో ఎదురొచ్చారు. ఆడుతున్న వాడొకడు తూలి జీపు ముందు పడ్డాడు. ముత్తెన్న కాలు పదేళ్ల అలవాటుతో బలంగా, మళ్లీ మళ్లీ తొక్కడానికి లేచింది. మొదటి తొక్కుకే ఇంజను కూడా తొక్కింది. జీపు పాతిన స్తంభంలా నిలబడింది. రాజీవ్ నిలబడలేదు. బొంతతో సహా లేచి, తలపాగా ఒకవైపు, తను ఒకవైపు వెళ్లి పెద్ద డ్రమ్ము మీద పడ్డాడు. డ్రమ్ము పగిలింది. అతనికేమీ కాలేదు, మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

"శకునం మంచిగ లేదు," అన్నారు పిల్ల తరఫువాళ్లలో ఒకరు. "పిలగాడే ఆత్రపడ్డడు," అన్నారు ఇంకొకరు.

రాజీవ్ లేచి దుమ్ము దులుపుకున్నాడు. "నేనెక్క కాకా. నడుసుకుంటనే వస్త."

"అరె, చుట్టాల ముంగట పెండ్లికొడుకు నడుసుకుంట వస్తడా? ఇజ్జత్ ఏమైతది?" ముత్తెన్న బొంత దులిపి మళ్లీ బానెట్ మీద పరిచాడు. "నేను మెల్లగ తొక్కుత, ఎక్కు బిడ్డా."

"నీ కాలు నీ మాట ఇనది కాకా. ఇప్పుడు సూసిన గద."

అది నిజం. అప్పుడు వెనక నుంచి కుచ్చిళ్లు తప్పించుకుంటూ భద్రయ్య దిగాడు. రాయి తీసుకొచ్చి ముందు చక్రం కింద పెట్టాడు. చక్రం మీది రేకు మీదికెక్కి కూర్చున్నాడు.

"రా అల్లుడా, కూసో. నేను పట్టుకుంట. జీపునే పట్టినోణ్ని, నిన్ను పట్టలేనా?"

రాజీవ్ రాయి వైపు చూశాడు, మామ వైపు చూశాడు, ఎక్కాడు. భద్రయ్య అతని నడుం చుట్టూ చెయ్యేశాడు. పంతులే దిగి రాయి తీసి అందించాడు. పిల్ల ఇల్లు చేరేలోగా ముత్తెన్న కాలు ఇంకా చాలాసార్లు అలవాటు చూపించింది. పెళ్లికొడుకు కదల్లేదు.

ఆ సీజనులోనే పెళ్లిళ్ల వాళ్లు వచ్చి, జీపుతో పాటు భద్రయ్య కూడా కావాలని అడగసాగారు. ముత్తెన్న కాలుకు కొత్త బ్రేకు అలవాటయ్యాక కూడా అడిగారు. జీపు అమ్మేశాక కూడా అడిగారు. కొన్నేళ్లకు పెళ్లికొడుకులు బానెట్లు దిగి, నల్లద్దాల కార్లలో చల్లగా కూర్చోవడం మొదలైంది. పడిపోయే వీలే లేదు. అయినా వెనక సీట్లో పక్కన భద్రయ్య కూర్చొని నడుం మీద చెయ్యి వేయాల్సిందే. లేకపోతే వరుడి వైపు ముసలమ్మలు కారు కదలనివ్వరు.

పెద్ద కొడప్‌గల్‌లో ఒక పెళ్లిలో ఈ ఆచారం ఎప్పటిదని అడిగాను. ఒక పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "నిజాం జమానా సంది ఉన్నది. పెండ్లాం చెయ్యి పట్టేదాక మొగోనికి చపలబుద్ధి ఉంటది. అందుకే ఒక పెద్దమనిషి పట్టుకోవాలె. రాయి భూదేవి గుర్తు." పసుపు రాసి బొట్టు పెట్టిన నల్లరాయి, కొబ్బరితాడు పిడితో సహా, నిమ్మకాయ పక్కన కారు చక్రం కింద ఉంది.

భద్రయ్యను పక్కకు పిలిచి, "అసలు సంగతి చెప్పలేకపోయావా?" అన్నాను.

"చెప్తే పట్టుకోనిస్తరా?" అన్నాడు. కొత్త ధోవతి, భుజాన జరీ కండువా. సమ్మవ్వ ఆడవాళ్ల మధ్య కుర్చీలో కూర్చొని, తను ఎవరి భార్యో ఎవరూ అడక్కుండానే చెబుతోంది.

బ్యాండు మొదలైంది. పెళ్లికొడుకు కారులో కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. రాయి తీస్తేగాని కారు కదలదు. దాన్ని భద్రయ్య తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. అతను నాతో మాట్లాడుతూ, చేతిలోని చాయ్ చివరిదాకా తాగి, కప్పు కింద పెట్టి, కండువా సర్దుకొని, అప్పుడు బయల్దేరాడు.