పరుగు లేని పది రోజులు

నా ఒంట్లో బలానికి లోటు లేదని పొగరుగా తిరిగిన కాలం అది. ఇనుప గని ఉన్న కిరండూల్ కొండ మీద, గుత్తకు పని చేయించే ఠేకేదారు కింద ఇనుప రాయి మోసేవాణ్ని. తట్ట నెత్తిన పెట్టుకుని లారీ దాకా, మళ్ళీ వెనక్కి. మూడేళ్ళకు మెడ మొద్దులా అయింది, తొడలు బిగిశాయి. కొత్తగా వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికే కూలబడితే నవ్వేవాణ్ని. మొదటి నెల నేనూ అలాగే కూలబడ్డానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు గని కాలనీలో ఒక మాట పుట్టింది. పరుగు పందెంలో మొదటి ఇద్దరిని గని ఆటల జట్టులోకి తీసుకుని, గనిలో పర్మినెంటు పని ఇస్తారట. వేలిముద్ర వేసే నాలాంటివాడికి పర్మినెంటు కావడానికి ఇంకో దారి లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆటల మాస్టారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తమన్నాడు. రెండో చుట్టుకే ఊపిరి గొంతులో అడ్డం పడింది.

"ఏట్రా, ఇంతింత తొడలేసుకుని?" అన్నాడు. "నీ ఒళ్ళు మొయ్యడం నేర్సుకుంది. పరిగెట్టమని దాన్ని ఎప్పుడైనా అడిగినావా?"

అడగలేదు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటే: ఒక రోజు పరుగు, మర్నాడు ఆపు.

నాకది నచ్చలేదు. కూలివాడు ఆగితే ఆ రోజు పొయ్యి వెలగదు. అలా బతికినవాడికి ఆగడం సోమరితనంలా కనబడుతుంది. అందుకని ఆగమన్న రోజు కూడా తెల్లవారుజామున, లారీలు కదలకముందే, కొండ మీదికి పోయే ఎర్రమట్టి రోడ్డు ఎక్కి పరుగెత్తేవాణ్ని.

మూడు వారాలు ఒళ్ళు నా మాట విన్నది. నాలుగు చుట్లూ ఆగకుండా తిరిగాను. ఎంత పరుగెత్తినా గుండె దడ తొందరగా దిగేది. ఆ తర్వాత రోజు రోజుకూ వెనకబడ్డాను. నిద్ర పట్టదు, అన్నం సహించదు. కుడి మోకాలి కింద ముందెముక వెంబడి సూదులు గుచ్చినట్టుండేది. పందేనికి ఇంకా పక్షం రోజులే ఉంది.

"ఆపిన రోజు పరిగెడతన్నావేటి?" అని మాస్టారు అడిగాడు.

"లేదు సారూ." అబద్ధమే ఆడాను.

అదే వారం ఎర్రబోరు దగ్గరి మా ఊరి నుంచి అమ్మ బస్సులు మారి వచ్చింది, ఎండిన ఇప్పపువ్వు మూటతో. వచ్చీ రాగానే నా కాలు చూసింది.

"ఏందిరా ఇది? మారేడు కాయ లెక్క ఉబ్బింది."

"రోజూ ఉరుకుతున్ననే. ఒక్క రోజు ఆగినా వెనకబడ్త."

"విత్తనాల పండుగ అయ్యేదాంక మనం నాగలి పట్టం. ఎందుకు పట్టమురా?"

"భూమికి ఆరాం గదా."

"మరి నీ కాలు భూమి కంటె గట్టిదా?"

పండుగకు ముందే దున్నినవాడి చేత ఊరంతా కలిసి జరిమానాగా తప్పు కట్టించడం నేను చిన్నప్పుడు చూశాను. ఇక్కడ తప్పు కట్టించేవాళ్ళు లేరు గనక నేను దున్నుకుంటూ పోయాను.

మర్నాడు మాస్టారుకు నిజం చెప్పాను. తిట్టిన తిట్లు రాయదగినవి కావు. తిట్టడం అయ్యాక పక్కన కూర్చున్నాడు. "పరిగెట్టినప్పుడు ఒళ్ళు బలపడదురా. అప్పుడు కండ సిరుగుతాది. పడుకున్నప్పుడు అతుక్కుని, ముందుకంటే గట్టిపడతాది. నువ్వు అతుక్కోనీకుండా మళ్ళీ సింపుతున్నావు. పది రోజులు కూకో. తట్ట కూడా ముట్టుకోకు."

కూర్చున్నాను. రాయి మోసిన మూడేళ్ళకంటే ఆ పది రోజులే కష్టం. మైదానంలో విజిల్ వినబడినప్పుడల్లా మిగతావాళ్ళు నా పర్మినెంటు పని పట్టుకుని పరుగెత్తుతున్నట్టుండేది. అమ్మ ఇప్పపువ్వు ఉడకబెట్టి పెట్టింది, గుమ్మం దాటనివ్వలేదు. అయిదో రోజు నుంచి చచ్చినట్టు నిద్ర పట్టింది. వాపు తీసేదాకా ఉండి అమ్మ ఊరికి వెళ్ళిపోయింది.

పందెం నాడు మూడో చుట్టుకు నాలుగోవాణ్ని. ఎముక సన్నగా సలుపుతూనే ఉంది గానీ, ఊపిరి అడ్డం పడలేదు, కాలు పిలిస్తే పలికింది. ఒకణ్ని దాటాను. గీత ముందర ఇంకొకణ్ని ఛాతీ వెడల్పు తేడాతో దాటి రెండోవాణ్నయ్యాను. పర్మినెంటు కాగితం మీద వేలిముద్ర వేశాను. సంతకం చెయ్యడం రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఊరెళ్ళి అమ్మకు చెప్పాను.

"ఉరికినందుకు కొలువిచ్చిన్రా?" అంది. "గట్లయితే మన మేకలన్నిటికీ ఇయ్యాలె."

అంటూనే నా పంచె తనే పైకెత్తి, ఆ ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయింది, ఎక్కడ అరుస్తానో చూద్దామని.